ముందు మట్టి, తర్వాత బట్టీ, ఆపైనే ఇంధనం: సిరామిక్ పరిశ్రమలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి?

సిరామిక్ ఫ్యాక్టరీలో ఇంధనం బిల్లు పెరిగినా, పొగ గురించి నోటీసు వచ్చినా మొదట లేచే ప్రశ్న ఒకటే. గ్యాస్‌కి మారాలా, కరెంటుకి వెళ్లాలా, హైడ్రోజన్ వచ్చేదాకా ఆగాలా? అవసరమైన ప్రశ్నే, కానీ దాని వంతు తర్వాత వస్తుంది. ముందు అడగాల్సింది ఇది: ఇప్పుడు కాలుస్తున్న ఇంధనం అసలు దేన్ని వేడి చేస్తోంది?

టైలునో, సింకునో, కప్పునో వేడి చేస్తోందని అనుకుంటాం. లెక్క తీస్తే అందులో చాలా భాగం మట్టిలో మనమే కలిపిన నీటికి, సరుకును మోసే బళ్లకి, పలకలకి, అక్కర లేకుండా బట్టీలోకి దూరే గాలికి పోతోందని తేలుతుంది. టైల్స్ ఫ్యాక్టరీలో మొత్తం వేడిలో సగానికి కాస్త ఎక్కువ బట్టీ తీసుకుంటుంది. మూడో వంతుకు పైగా, నీళ్లు కలిపిన మట్టిని వేడి గాలిలో పొడిగా ఆరబెట్టే స్ప్రే డ్రయ్యర్ ఒక్కటే తినేస్తుంది. మిగిలింది అచ్చు వేసిన పచ్చి టైళ్లు ఆరబెట్టడానికి. ఈ ఖర్చును ముట్టుకోకుండా ఇంధనం ఒక్కటే మార్చితే, అదే వృథాను ఖరీదైన ఇంధనంతో చేసినట్టవుతుంది. అందుకే ఇక్కడి పోలికలన్నీ మట్టి దగ్గర మొదలుపెడుతున్నాను.

తడి పద్ధతి, పొడి పద్ధతి

తడి పద్ధతిలో ముడి సరుకును నీళ్లతో బాల్ మిల్లులో నూరి, స్లిప్ అనే చిక్కటి ద్రవంగా చేసి, స్ప్రే డ్రయ్యర్‌లో వేడి గాలిలోకి చిమ్మి పొడి చేస్తారు. పొడి పద్ధతిలో నీళ్లు లేకుండానే నూరి, తర్వాత కొద్దిగా తడిపి గుళికలు చేసి, కాస్త ఆరబెడతారు.

తేడా ఎంతో చిన్న లెక్కతో చూడండి. టైళ్లను అచ్చు వేసే ప్రెస్సుకి 6 శాతం తేమ ఉన్న పొడి 1,000 కిలోలు కావాలి. అందులో అసలు మట్టి 940 కిలోలు. స్లిప్‌లో 35 శాతం నీరుంటే దాని మొత్తం బరువు దాదాపు 1,446 కిలోలు. అంటే 446 కిలోల నీటిని ఆవిరి చేయాలి. కిలో నీరు ఆవిరి కావడానికే సుమారు 2.26 మెగాజౌళ్లు పడుతుంది. కాబట్టి డ్రయ్యర్ నష్టాలు కలపకుండానే 1,000 మెగాజౌళ్లు, కరెంటు లెక్కలో 280 యూనిట్లు. పొడి పద్ధతిలో గుళికలను 12 శాతం తేమ దగ్గర చేస్తే ఆవిరి చేయాల్సింది 68 కిలోలే. ఆరో వంతు కన్నా తక్కువ.

ఇంత తేడా ఉంటే అందరూ పొడి పద్ధతికే ఎందుకు వెళ్లరు? తడిగా నూరితే రకరకాల ముడి సరుకులు బాగా కలుస్తాయి. ఇనుము మచ్చలను అయస్కాంతంతో, ముతక రేణువులను జల్లెడతో తీసేయడం తేలిక. స్ప్రే డ్రయ్యర్ పొడి గుండ్రటి రేణువులుగా వచ్చి అచ్చులోకి నీళ్లలా జారుతుంది. తెల్లటి పోర్సలిన్, పెద్ద సైజు టైళ్లు చేసేవారికి ఇవి వదులుకోలేని లాభాలు. శానిటరీవేర్‌ని (సింకులు, టాయిలెట్ సరుకుని) అచ్చులో స్లిప్ పోసే తయారు చేస్తారు కాబట్టి వాళ్లకి ఈ ఎంపికే లేదు. కొద్ది రకాల శుభ్రమైన మట్టితో, ముఖ్యంగా ఎర్ర మట్టితో టైల్స్ చేసే కొత్త ఫ్యాక్టరీ అయితే మాత్రం పొడి పద్ధతిని తప్పకుండా పరీక్షించి చూడాలి. నీటి కొరత ఉన్న చోట ఇంకా తప్పదు. అయితే పొడిగా నూరేచోట దుమ్ము ఎక్కువ. దాన్ని పట్టే ఏర్పాటు ఖర్చును మొదటి అంచనాలోనే రాసుకోండి.

ఇప్పటికే స్ప్రే డ్రయ్యర్ ఉన్నవారికి మధ్య దారి ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. సోడియం సిలికేట్, ట్రైపాలీఫాస్ఫేట్ లాంటి డీఫ్లాక్యులెంట్లను సరిగ్గా వాడితే తక్కువ నీటితోనే స్లిప్ పలచగా పారుతుంది. స్లిప్‌లో నీటిని 38 శాతం నుంచి 34కి తెచ్చారనుకోండి. ఆవిరి చేయాల్సిన నీరు 516 కిలోల నుంచి 424కి పడుతుంది, దాదాపు 18 శాతం తక్కువ. కొత్త యంత్రం ఏదీ కొనకుండా, ల్యాబ్‌లో కొన్ని వారాల ఓపికతో వచ్చే ఆదా ఇది. ఇలాంటి పనిని ల్యాబ్ వాళ్లకే వదిలేసి మేనేజ్‌మెంట్ పట్టించుకోకపోవడం చూస్తే బాధేస్తుంది.

స్ప్రే డ్రయ్యర్ విషయంలో ఇంకొక దారి కోజెనరేషన్. గ్యాస్ టర్బైన్‌తో కరెంటు తయారు చేసి, దాని వేడి పొగను నేరుగా డ్రయ్యర్‌లోకి పంపడం. స్పెయిన్‌లోని కాస్తెయోన్, ఇటలీలోని సాసువోలో ప్రాంతాల టైల్స్ పరిశ్రమలో ఇది ఎప్పటినుంచో ఉంది. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే పెద్ద ఫ్యాక్టరీలకే ఇది కుదురుతుంది. పైగా ఒకసారి పెట్టాక చాలా ఏళ్లు గ్యాస్‌కే కట్టుబడిపోతారు. పదేళ్లలో కరెంటు బట్టీకి వెళ్లే ఆలోచన ఉంటే ఇందులో డబ్బు పెట్టకపోవడమే మంచిది.

ఏ బట్టీ?

యూరోపియన్ కమిషన్ 2007లో సిరామిక్ పరిశ్రమ కోసం వేసిన సాంకేతిక పత్రంలో టైల్స్ కాల్చడానికి పట్టే వేడి ఇచ్చారు. పాత టన్నెల్ బట్టీల్లో కిలోకి 5.4 నుంచి 6.3 మెగాజౌళ్లు, రోలర్ బట్టీల్లో 1.9 నుంచి 4.8. టన్నెల్ బట్టీలో టైళ్లు బరువైన బండి మీద, పలకల మీద ఎక్కి ప్రయాణిస్తాయి. బండినీ పలకలనీ కూడా వేడి చేసి, మళ్లీ చల్లార్చాలి. రోలర్ బట్టీలో టైలు ఒక్కటే రోలర్ల మీద దొర్లుకుంటూ వెళ్లి, గంట లోపే బయటికొస్తుంది.

టైల్స్ విషయంలో ఈ పోటీ ఎప్పుడో తేలిపోయింది. శానిటరీవేర్, టేబుల్‌వేర్ దగ్గరే నిజంగా ఆలోచించాలి. ఎత్తయిన, మందమైన వస్తువులు వేగంగా వేడెక్కితే పగులుతాయి. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికం రూపు మార్చుకుంటుంది, ఆ చోట తొందరపడితే సరుకు చిట్లుతుంది. కాబట్టి రోలర్ బట్టీ కొనే ముందు మీ మట్టి మిశ్రమం వేగంగా కాలడాన్ని తట్టుకుంటుందో లేదో చూసుకోవాలి. తట్టుకోకపోతే మిశ్రమాన్ని మార్చాలి. బట్టీ కొన్నాక ఆ సంగతి తెలిస్తే, ఆదా చేసిన గ్యాసంతా తిరస్కరించిన సరుకులో పోతుంది.

రకరకాల వస్తువులు కొద్ది కొద్దిగా, ఆర్డరు వచ్చినప్పుడే చేసేవారికి సరుకు పెట్టి కాల్చి, చల్లార్చి తీసి, మళ్లీ నింపే షటిల్ బట్టీయే గతి. దానికున్న లోపం తెలిసిందే: ప్రతిసారీ గోడలను కూడా చల్లటి స్థితి నుంచి వేడి చేయాలి. ఇక్కడ గోడల బరువే అసలు విషయం. మందపాటి ఇటుక గోడ తాగే వేడితో పోలిస్తే ఫైబర్ లైనింగ్ తాగేది చాలా తక్కువ, కాబట్టి షటిల్ బట్టీకి ఫైబర్ లైనింగ్ త్వరగా గిట్టుబాటవుతుంది. ఏడాదంతా వేడిగానే ఉండే టన్నెల్ బట్టీ గోడకి అదే మార్పు అంత లాభమివ్వదు. అక్కడ డబ్బును బళ్ల బరువు తగ్గించడానికి వాడండి. దిట్టమైన ఇటుక బండికి బదులు తేలికపాటి ఇన్సులేషన్, సన్నని సిలికాన్ కార్బైడ్ కడ్డీలు పెడితే అదే బట్టీ తక్కువ ఇంధనంతో నడుస్తుంది. మీ బండి మీద కిలో సరుకుకి ఎన్ని కిలోల పలకలు, స్తంభాలు ఎక్కుతున్నాయో ఒక్కసారి తూకం వేయించండి.

ఫైబర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పాత రకం అల్యూమినా సిలికేట్ ఫైబర్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న 2బి వర్గంలో పెట్టింది. ఏళ్ల తరబడి ఎక్కువ వేడిలో ఉన్నాక అందులో క్రిస్టోబలైట్ అనే ప్రమాదకరమైన సిలికా కూడా ఏర్పడుతుంది. ఉష్ణోగ్రత అనుమతించే చోట్ల శరీరంలో త్వరగా కరిగిపోయే రకం ఫైబర్ తీసుకోండి. పాత లైనింగ్ ఊడదీసేటప్పుడు తడిపి, మంచి మాస్కులతోనే తీయించండి.

ఉన్న బట్టీనే బాగుచేయడం

కొత్త బట్టీకి డబ్బు లేకపోతే ఏమీ చేయలేమని నిరాశపడక్కర్లేదు. పొగగొట్టంలో ఆక్సిజన్ కొలవండి. 10 శాతం ఉందంటే అవసరానికి మించి దాదాపు 90 శాతం గాలి లోపలికి వస్తోందని అర్థం. 4 శాతమైతే అదనపు గాలి 24 శాతమే. ఆ గాలంతా చల్లగా వచ్చి, వేడెక్కి, గొట్టంలోంచి పోతుంది. తలుపుల దగ్గర, రోలర్ రంధ్రాల దగ్గర కారే చోట్లు మూసి, బర్నర్లు సరిచేసి, గాలి దారిని అదుపు చేసే డ్యాంపర్లు దిద్దుకోవడానికి అయ్యే ఖర్చు ఏ కొత్త యంత్రంతో పోల్చినా చాలా తక్కువ. ఇక్కడో హెచ్చరిక: బిస్క్ (గ్లేజ్ అనే మెరుపు పూత వేయకముందు, తొలిసారి) కాల్చేటప్పుడు మట్టిలోని కర్బనం పోవడానికి ఆక్సిజన్ కావాలి. అది చాలకపోతే లోపల నల్లటి పొర మిగిలి సరుకు చెడుతుంది.

ఆ తర్వాత, చల్లార్చే చోటి నుంచి వచ్చే వేడి గాలి. దీన్ని బర్నర్లకి పంపాలా, ఆరబెట్టే డ్రయ్యర్‌కి పంపాలా? బర్నర్ల లెక్క ఇలా ఉంటుంది: ఒక క్యూబిక్ మీటర్ సహజవాయువు కాలడానికి మామూలు అదనపు గాలితో కలిపి సుమారు 12 క్యూబిక్ మీటర్ల గాలి కావాలి. దాన్ని 20 డిగ్రీలకు బదులు 200 డిగ్రీల దగ్గర అందిస్తే గ్యాసులో 8 శాతం వరకు వేడి ముందే దొరికినట్టు. అయితే మంట మరింత వేడెక్కి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, బర్నర్లు కూడా ఆ వేడిని తట్టుకునేవి కావాలి. డ్రయ్యర్‌కి పంపితే ఈ ఇబ్బందులు లేవు, గాలి శుభ్రమైనది కాబట్టి సరుకు మీద మరకలూ పడవు. డ్రయ్యర్ దగ్గర్లో ఉండి, దాని బర్నర్ ఇంకా మండుతోంటే నేనైతే ముందు అటే పంపుతాను.

ఫ్యాన్ల సంగతి ఒక్క మాటలో: వేగం 80 శాతానికి తగ్గితే కరెంటు దాదాపు సగానికి పడుతుంది. డ్యాంపర్ సగం మూసి ఫ్యాన్‌ని పూర్తి వేగంతో తిప్పే చోటల్లా వేగం మార్చే డ్రైవ్ పెట్టుకోవచ్చు.

సరుకునే మార్చడం

10 మిల్లీమీటర్ల టైలుని 8 మిల్లీమీటర్లకి తెస్తే మట్టి, నీరు, నూరడం, ఆరబెట్టడం, కాల్చడం అన్నిటిలోనూ దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. రవాణా బరువు కూడా. ఏ బట్టీ మార్పూ ఇన్ని చోట్ల ఒకేసారి పనిచేయదు. బలం తగ్గకుండా చూసుకోవాలి, ఏ వాడకానికి ఎంత మందం చాలో కొనేవారికి వివరించాలి. అమ్మకాల విభాగం ఒప్పుకోదన్న భయంతో చాలామంది దీని జోలికే వెళ్లరు. అడిగి చూడకుండానే వదిలేయకండి.

రెండుసార్లు కాల్చడమా, ఒకసారా? బిస్క్ ఒకసారి, గ్లేజ్ వేశాక మరోసారి కాల్చేవారు ఒకే కాల్పుకి మారగలిగితే ఆదా పెద్దదే. పచ్చి సరుకు గ్లేజ్ తడిని తట్టుకోవాలి, మట్టిలోంచి వాయువులు పోయాకే గ్లేజ్ కరగాలి. ఈ రెండూ కుదరకపోతే సూది రంధ్రాలు, బుడగలు వస్తాయి. తిరస్కరణ పెరిగితే మార్పుకి అర్థం లేదు. పచ్చి వస్తువు విరిగితే మళ్లీ స్లిప్‌లో కలిసిపోతుంది. కాలిన వస్తువు విరిగితే దాని మీద పెట్టిన వేడంతా పోయినట్టే. బట్టీలోకి పంపే ముందే పగుళ్లు పట్టుకునే తనిఖీని కూడా ఇంధనం ఆదా కిందే లెక్కించాలి.

సున్నపురాయి గురించి చాలామందికి తట్టని విషయం ఒకటుంది. గోడ టైళ్ల మట్టిలో దాన్ని కలుపుతారు. 100 కిలోల సున్నపురాయి కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ దానంతటదే వస్తుంది. టన్ను మిశ్రమంలో 12 శాతం సున్నపురాయి ఉంటే 53 కిలోలు. అదే టన్నుని కిలోకి 2.5 మెగాజౌళ్ల చొప్పున సహజవాయువుతో కాల్చితే వచ్చేది సుమారు 140 కిలోలు. అంటే బట్టీ వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగో వంతుకు పైగా రాయిలోంచి వచ్చిందే. కరెంటుతో కాల్చినా, హైడ్రోజన్‌తో కాల్చినా ఈ భాగం తగ్గదు. సున్నం కోసం సున్నపురాయికి బదులు వొలాస్టనైట్ అనే ఖనిజం వాడితే ఈ వాయువు రాదు, కానీ ఖరీదు ఎక్కువ. కొంత భాగం మార్చి చూడటం మంచి మొదటి అడుగు.

ఇప్పుడు ఇంధనం

వాతావరణ మార్పులపై ప్రభుత్వాంతర సంఘం 2006 మార్గదర్శకాల ప్రకారం గిగాజౌల్ వేడికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ సహజవాయువుతో 56.1 కిలోలు, ఎల్‌పీజీతో 63.1, డీజిల్‌తో 74.1, ఫర్నేస్ ఆయిల్‌తో 77.4, సాధారణ బిట్యుమినస్ బొగ్గుతో 94.6. సహజవాయువుకీ ఎల్‌పీజీకీ తేడా స్వల్పం. పైపు రాని చోట ఎల్‌పీజీతో సరిపెట్టుకోవడంలో పెద్ద తప్పేమీ లేదు.

బొగ్గుని వాయువుగా మార్చే గ్యాసిఫయర్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చవకని చూసి దాన్ని ఎంచుకున్నవారు తారు, ఫినాల్ కలిసిన విషపు నీటిని కూడా తెచ్చుకున్నట్టే. ఆ నీరు ఎక్కడో ఒక చోట నేలలోకి, బావుల్లోకి చేరుతుంది. గుజరాత్‌లోని మోర్బీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో బొగ్గు గ్యాసిఫయర్లన్నీ మూసేయమని ఆదేశించింది, ఫ్యాక్టరీలు సహజవాయువుకి మారాల్సి వచ్చింది. ఈ ఎంపికని నేను పోలికలో చేర్చను.

కరెంటు బట్టీలో ఇంధనం కాలిన పొగ ఉండదు, అదే దాని బలం. గ్యాస్ బట్టీలో వేడిలో 35 శాతం పొగతో పోతోందనుకుంటే, కరెంటు బట్టీకి మూడింట రెండు వంతుల శక్తి చాలు. సహజవాయువు ఒక యూనిట్ వేడికి 0.2 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. దాన్ని 0.65తో భాగిస్తే 0.31. మీకు వచ్చే కరెంటు యూనిట్‌కి 0.31 కిలోల కన్నా తక్కువ కార్బన్ డయాక్సైడ్‌తో తయారవుతోంటే మారడం వల్ల వాతావరణానికి మేలు. బొగ్గుతో తయారయ్యే కరెంటు యూనిట్‌కి 0.9 కిలోలు దాటడం మామూలే. దానితో కాల్చితే గ్యాస్ కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువవుతుంది, పొగ మన గొట్టంలోంచి కాకుండా విద్యుత్ కేంద్రం గొట్టంలోంచి వస్తుంది. సొంత సౌర, పవన విద్యుత్ ఒప్పందం ఉన్నవారి లెక్క వేరు. ఆస్ట్రియాలోని గ్ముండెన్‌లో లాఫెన్ కంపెనీ శానిటరీవేర్‌ని కరెంటు టన్నెల్ బట్టీలోనే కాలుస్తోంది. కాబట్టి పెద్ద ఎత్తున కుదరదన్న మాట ఇప్పుడు చెల్లదు.

మారే ముందు ఒకటి చూసుకోండి: మీ డ్రయ్యర్‌కి గ్యాస్ బట్టీ పొగ నుంచి వేడి అందుతోందా? అయితే బట్టీ మారాక డ్రయ్యర్‌కి వేడి ఎక్కడినుంచి తేవాలో కూడా అదే రోజు నిర్ణయించాలి. ఆక్సిజన్ తగ్గించి రంగులు తెప్పించే రిడక్షన్ ఫైరింగ్ చేసేవారికి మామూలు కరెంటు బట్టీ సరిపడదు.

హైడ్రోజన్ కోసం ఆగమని నేను సలహా ఇవ్వను. కిలో హైడ్రోజన్‌ని నీటినుంచి తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి, దాన్ని కాల్చితే దొరికే వేడి 33 యూనిట్లు. అందులోంచి మళ్లీ కొంత పొగలో పోతుంది. ఆ కరెంటుని నేరుగా బట్టీలో వాడగలిగే చోట ఈ చుట్టుదారి ఎందుకు? కరెంటుతో అసలు కుదరని సరుకు ఉన్నవారికి మాత్రం హైడ్రోజన్‌ మీద ఆశ పెట్టుకోవడంలో అర్థముంది.

పొగలోని విషం, గాలిలోని దుమ్ము

కార్బన్ గురించి మాట్లాడుతూ ఫ్లోరిన్‌ని మరిచిపోతుంటారు. అది ఇంధనంలోంచి కాక మట్టిలోంచే వస్తుంది, కాబట్టి కరెంటు బట్టీ పెట్టినా పోదు. వేడెక్కిన మట్టి హైడ్రోజన్ ఫ్లోరైడ్ వదులుతుంది. అది చుట్టుపక్కల ఆకుల అంచులు మాడ్చేస్తుంది, ఆ గడ్డి మేసిన పశువుల పళ్లు, ఎముకలు చెడతాయి. పైన చెప్పిన యూరోపియన్ పత్రం క్యూబిక్ మీటర్ పొగకి 1 నుంచి 10 మిల్లీగ్రాముల లోపు ఉంచడం సాధ్యమేనంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, పొగను సున్నపురాయి ముక్కల పొర గుండా పంపడం. కదిలే భాగాలు తక్కువ, పొగను చల్లార్చక్కర్లేదు, చిన్న ఫ్యాక్టరీ కూడా నడుపుకోగలదు. సన్నని దుమ్మునూ గంధకం వాయువులనూ అది అంతగా పట్టదు. రెండోది, పొగలోకి సున్నపు పొడి చిమ్మి బ్యాగ్ ఫిల్టర్‌తో పట్టడం. ఇది దుమ్మునీ పడుతుంది, కానీ గుడ్డ తట్టుకునే వేడికి పొగను చల్లార్చాలి, ఫిల్టర్‌ని రోజూ చూసుకునే మనిషి కావాలి. దుమ్ము, గంధకం ఎక్కువున్న పెద్ద బట్టీకి రెండోది, మిగతావారికి మొదటిది. నీళ్లతో కడిగే స్క్రబ్బర్ నాకు నచ్చదు, గాలిలోని విషాన్ని నీటిలోకి మార్చుతుంది, ఆ నీటిని మళ్లీ శుద్ధి చేయాలి.

సీసం ఉన్న గ్లేజ్ ఇంకా వాడేవారు బోరాన్ ఫ్రిట్‌లకు (ముందే గాజులా కరిగించి పొడి చేసిన గ్లేజ్ సరుకుకి) మారండి. బట్టీ వేడికి సీసం కొంత ఆవిరై బయటపడుతుంది, పళ్లెంలోని పులుపులోకీ దిగుతుంది.

చివరిది సిలికా దుమ్ము. సన్నటి స్ఫటిక సిలికాని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సిలికోసిస్ వచ్చిన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు. మాస్కులు కొనాలా, దుమ్ము పీల్చే హుడ్లు పెట్టాలా అని పోల్చేవారికి నా జవాబు: ముందు హుడ్లు, ఆపై మాస్కులు. దుమ్ము లేచే చోటే దాన్ని పట్టుకుంటే ఆ షెడ్డులో ఉన్న అందరికీ రక్షణ. దీనికి ఎన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని లెక్క వేయకండి. హుడ్లు వచ్చేలోగా ఊడ్చే పద్ధతి మార్చవచ్చు. పొడి చీపురుకీ, కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడానికీ బదులు సన్నని దుమ్మునీ ఆపే ఫిల్టర్ ఉన్న వాక్యూమ్, అది దొరికేదాకా తడి తుడుపు. తడి తుడుపుని ఈ షిఫ్టులోనే మొదలుపెట్టవచ్చు.